కాపలా పురుగు

చూసినకొద్దీ చులకన పెరిగే ప్రాణి ఏదైనా ఉందంటే అది క్యాబేజీ పురుగు. పన్నెండేళ్లుగా వాటిని పెంచడమే నా ఉద్యోగం కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

మా షెడ్డులో పని ఇది. దోమంత కందిరీగ ఒకటి పురుగును పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పురుగును లోపల్నుంచి తింటూ పెరుగుతాయి, ప్రాణం పోయే చోటు మాత్రం ముట్టుకోకుండా. తర్వాత చర్మం చీల్చుకుని బయటికొచ్చి, బియ్యపు గింజంత పసుపు గూళ్లు కట్టుకుంటాయి. ఆ గూళ్లను రైతులకు పంపుతాం, పొలంలో మిగతా పురుగుల పని పట్టడానికి. ఒళ్లంతా చిల్లులు పడ్డ ఆ పురుగు అప్పుడైనా తన దారిన తను పోతుందా? పోదు. గూళ్ల మీదే కూర్చుంటుంది. పక్కనే ఆకున్నా తినదు. ఎవరైనా దగ్గరికొస్తే తల అటూ ఇటూ విసురుతుంది. తనను తిన్నవాళ్లకే కాపలా. ఇంత సిగ్గుమాలిన బతుకు నేనెక్కడా చూడలేదు.

మా దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన ముసలాయనకు ఒక పట్టింపు ఉండేది. కాపలా పురుగును బతికుండగా తీయడు. అది దానంతటది చచ్చి రాలేదాకా ఆ ట్రే ముట్టుకోడు. "ఆ చోటు ఖాళీగా ఉండదు సార్" అనేవాడు. ఆయన రిటైరవగానే ఆ చాదస్తాన్ని వదిలించాను. ఆ పనిలో నా తమ్ముణ్ణి పెట్టి, పురుగుల్ని బ్రష్షుతో సబ్బునీళ్ల బకెట్లోకి తోసేయమన్నాను.

"బతికే ఉన్నాయన్నయ్యా" అని నసిగాడు వాడు.

"అదీ ఒక బతుకేనా? తోయ్."

తోశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది. అమ్మానాన్నా పోయాక మమ్మల్ని పెంచింది అక్కే. మా చదువుల కోసం తన చదువు మానేసింది, మమ్మల్ని ఎక్కడ వదిలేయాల్సి వస్తుందోనని పెళ్లీ మానేసింది.

"చిన్నోడు మూడు రోజులుగా ఇంటికి రాలేదురా. ఫోన్ చేస్తే కొంచెం పనుందంటాడు. నాకు భయంగా ఉంది. తీసుకురా."

షెడ్డు చివర గూళ్ల గది. వెలుతురు పడకూడదని కిటికీలకు నల్ల కాగితం అంటిస్తాం. బయట ఎండ మండిపోతున్నా లోపల చీకటే. తలుపు తీయగానే కుళ్లిన క్యాబేజీ వాసన గుప్పుమంది. దాని వెనకే ఇంకో వాసన, జ్వరపడ్డ మనిషి దుప్పటి వాసన. ఎక్కడో సన్నగా కొరుకుతున్న చప్పుడు... గూళ్ల గదిలో తినే పురుగేదీ ఉండదు.

తమ్ముడు స్టూలు మీద, ఒక ట్రే మీదికి వంగి కూర్చున్నాడు. పక్కన అక్క పంపిన టిఫిన్ డబ్బా, మూత తీయలేదు.

"ఏంట్రా ఈ వేషాలు?"

ఒక్కడుగు వేశాను. వాడు తల విసిరాడు. అటు... ఇటు...

నేను ఒక్కడుగు వెనక్కి వేశాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ వేశాను.

"లే."

"నేను లేస్తే ఎవరుంటారన్నయ్యా?" గుసగుసగా అన్నాడు.

రెక్క పట్టుకుని లాగాను. ఖాళీ గోనెసంచిలా వచ్చేశాడు. ఈడ్చుకెళ్లి ఎండలో నిలబెట్టాను. కళ్లు నులుముకుని, "ఆకలేస్తోంది" అన్నాడు. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి డ్రైవర్‌తో కారెక్కించి ఇంటికి పంపేసి, ఆ ట్రేకి మూత పెట్టి వద్దామని లోపలికెళ్లాను.

ట్రేలో ముప్పయ్యో నలభయ్యో గూళ్లు ఉండాలి. రెండే ఉన్నాయి. బొటనవేలంతేసి. వెచ్చగా...

మూత పెట్టలేదు. కూర్చున్నాను. ఎందుకో చెప్పలేను. ఆకలి వేయలేదు. ఫోన్ మోగితే "కొంచెం పనుంది" అన్నాను. నాకు తెలిసి అరగంట.

అది రెండు రోజులట. తలుపు తీసుకుని అక్కే వచ్చింది. దగ్గరికి రావద్దని చెబుదామనుకున్నాను. మాటకు బదులు తల కదిలింది. అటు... ఇటు... అక్క భయపడలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే చూసినట్టు నా నుదుటి మీద చెయ్యి వేసి, రెక్క పట్టుకుని లేపింది.

"పద నాన్నా. నువ్వు ముందు నడు. నేను ఆ మూత పెట్టొస్తా."

నేను ముందు నడిచాను.

ఇది జరిగి ఐదు రోజులు. అక్కను తీసుకురమ్మని డ్రైవర్ని పంపితే గుమ్మం దాకా వెళ్లి పరిగెత్తుకొచ్చాడు. ముసలాయనకు ఫోన్ చేస్తే అంతా విని, "ఆమె లేవాలంటే ఎవరో ఒకరు కూర్చోవాలి సార్" అని పెట్టేశాడు. నేను తమ్ముడి వైపు చూస్తాను. వాడు నా వైపు చూస్తాడు. ఇద్దరికీ ఆకలి బాగానే వేస్తోంది. పురుగును చులకన చేయడానికి ఇప్పుడు నాకు నోరు రాదు. అది కనీసం కూర్చుంది.

ఈ ఉదయం కూడా అక్క ఫోనెత్తింది. గొంతు బాగా సన్నబడింది.

"కొంచెం పనుందిరా" అంది. "మీరిద్దరూ తిన్నారా?"

తిన్నామన్నాను. ఆమె మాట వెనక కొరుకుతున్న చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టేశాను. చప్పుడు మాత్రం ఆగలేదు...