మల్లక్క మొదటి మనువు

"గా మూడు పేజీలు తీసెయ్యుండ్రి," అన్నాడు నిరంజన్, హెల్మెట్ కూడా తీయకుండానే.

గోదావరిఖనిలో గని గేటు ముందు ఏళ్ళ తరబడి చాయ్ అమ్మిన మల్లక్క జీవితచరిత్ర రాస్తోంది నవనీత. నిరంజన్ మల్లక్క మనవడు. ఎండాకాలమంతా నవనీతను కరీంనగర్ బస్సెక్కించింది అతని బండే. ఆ మూడు పేజీల్లో, మల్లక్క మొదటి మొగుణ్ణి వదిలి గని కార్మికుడు రాయమల్లును మారుమనువు చేసుకున్న సంగతి ఉంది.

"మా చెల్లె కోమలకు చొప్పదండి సంబంధం ఖాయమైతుంది. వాళ్ళు చదివితె?"

"చదవాల్ననే రాస్తరు," అంది నవనీత. "గొప్పోళ్ళు పుట్టిన్రు, పెరిగిన్రు, దండలేయించుకున్నరు అని రాసే రోజులు పోయినయ్. ఇప్పుడు మామూలు మనిషి కావాలె, దాపరికం లేకుండ. మీకు కావల్సింది సన్మానపత్రం."

"నాకేం కావాల్నో మీకెరుకేనా?"

ఆ మాట నవనీతను కుదురుగా నిలబడనివ్వలేదు. పేజీలు తీస్తే పుస్తకం అబద్ధం. తీయకపోతే ఆ బండి ఇక తన కోసం ఆగదు.

"అవ్వనే అడుగుదాం," అంది.

వానలో తడిసి అవ్వ ఉండే గని క్వార్టర్ చేరారు. మల్లక్క కళ్ళు మూసుకుని ఆ పేజీలు చదివించుకుంది. చివర్న తల అడ్డంగా ఊపింది.

"తప్పు రాసినవ్ బిడ్డా. వాడు తాగి కొట్టిండని ఎవలు చెప్పిన్రు?"

నవనీత పేజీ వెనక్కి తిప్పింది. "నువ్వు కారణం చెప్పలే గదవ్వా... గదే అయ్యుంటదనుకున్న."

"పాపం, మంచోడు. నాకే మనసు రాలే, గంతే. ఇగ రాయమల్లు షిఫ్టు దిగి పైకొస్తుంటె, మొఖం నిండ బొగ్గు, కండ్లొక్కటే మెరుస్తుండె. నా చాయ్ పొంగిపోయేది. గది రాయి."

"మరి చొప్పదండోళ్ళు?" నిరంజన్ ఇంకా పరేషాన్‌లోనే ఉన్నాడు.

"నా విడుపు పంచాయితీల పెద్దమనిషిగ కూసున్నదే ఆ పెండ్లి పిల్లగాని తాత! వాళ్ళందరికీ ఎరుకే. సిగ్గంతా నీకే."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. వాన తగ్గలేదు. దాపరికం వద్దని అంత పాఠం చెప్పి, తీరా తానే ఊహించి రాసినందుకు నవనీత చెవులు వేడెక్కాయి.

"దిద్దుత," అంది నేల చూస్తూ. "కానీ, కారణం లేకుండ మనసు రాలేదంటె ఎవరు నమ్ముతరు?"

"కారణం లేకుండ మనసు పడ్డదంటె నమ్ముతరా?"

"ఎవరి సంగతి?"

"అడిగి తెలుసుకోండ్రి. ఈసారి ఊహించుకోకుండ్రి."

నవనీత తలెత్తింది. అవ్వ మాటల కోసం పెట్టి, ఇంకా రికార్డు చేస్తూనే ఉన్న ఫోన్‌ను ఆపి సంచిలో వేసింది.

"ఇది పుస్తకంలకు కాదు," అంది. "చెప్పుండ్రి."