పొదలకు కట్టిన ఎర్ర గుడ్డలు

ఆదివారం పొద్దున దర్జీగారు గుట్ట మీద నడక ముగించుకొని, జేబుల నిండా ఎర్ర గుడ్డ పేలికలతో ఇల్లు చేరారు. వస్తూనే ఇస్త్రీపెట్టె వేడిచేసి, వాటిని ఒక్కొక్కటే సాపు చేయసాగారు. జీవితమంతా గుడ్డ కత్తిరించి బతికిన మనిషి మరి! జానెడు ముక్క వృథా అయినా ఆయనకు ముద్ద దిగదు.

"చూశావా? మంచి నూలు గుడ్డ పొదలకు కట్టి తగలేశారు. ఒక్కటి వదలకుండా విప్పుకొచ్చాను."

"పిల్లల క్లబ్బు వాళ్లు కట్టారేమోనండీ," అంది భార్య.

ఆయన మొహం ముడుచుకుంది. ఆ అనుమానం ఆయనకూ లేకపోలేదు. కూతురూ కొడుకూ కలిసి గుట్టదారుల్లో బైకులు నడిపే క్లబ్బు పెడతామన్న నాటి నుంచీ ఇంట్లో రోజూ రభసే. "మీరు దుమ్ము రేపుతుంటే నేనెక్కడ నడవాలి?" అని కూతురు నోరు తెరవక ముందే కసురుకునేవారు.

ఇంతలో మంచినీళ్ల డబ్బా కోసం కూతురు లోపలికొచ్చింది. చంకలో హెల్మెట్. బల్ల మీద పేలికలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నాన్నా, క్వారీ గుంత దగ్గరివి కూడా విప్పేశావా?"

"అన్నీ విప్పాను. ఏం?"

"కొంప ముంచావు! ఎర్ర గుడ్డ కనిపిస్తే ఆగిపొమ్మని అందరికీ చెప్పాను. ఆ మలుపు తిరిగితే గుంతే. తమ్ముడు ఆ వైపు ఎప్పుడూ వెళ్లలేదు, పైగా వాడే ముందున్నాడు!"

ఫోన్ చేసింది. గుట్ట వెనక సిగ్నల్ లేదు.

చచ్చినా ఆ బండెక్కనని భీష్మించుకున్న దర్జీగారు, అలమరలోని ఎర్ర గుడ్డ తానును లాక్కొని కూతురి వెనక ఎక్కి కూర్చున్నారు.

"గట్టిగా పట్టుకో నాన్నా!"

"నా సంగతి సరే, నువ్వు పోనీ తల్లీ!"

రాళ్ల మీద బండి ఎగిరినప్పుడల్లా ఆయన కనిపించని దేవుళ్లందరికీ మొక్కుకున్నారు. అడ్డదారిన మలుపు చేరి దిగేసరికి, గుట్ట చుట్టూ తిరిగొస్తున్న ఇంజన్ల మోత వినిపించింది. గుడ్డ తానును విప్పి, ఒక కొస కూతురికిచ్చి, దారికి అడ్డంగా పరిచి పట్టుకున్నారు.

ముందు బండి కీచుమంటూ ఆగింది. హెల్మెట్ తీసి చూస్తే కొడుకే.

"నాన్నా! నువ్విక్కడ?"

దర్జీగారు వాణ్ణి ఒళ్లంతా తడిమి చూసి భోరుమన్నారు. "ఆ గుర్తులు విప్పింది నేనేరా. ఎవరివో తెలిసే విప్పాను. నా దారి లాక్కుంటున్నారన్న ఉక్రోషం!"

కూతురు ఆయన కళ్లు తుడిచింది. "నువ్వు చెప్పనిస్తేగా నాన్నా! మా క్లబ్బులో మొదటి నియమమే అది. పొద్దున నువ్వు ఇల్లు చేరేదాకా గుట్ట మీద ఒక్క బండీ స్టార్ట్ కాకూడదు. నడిచేవాళ్లు ఎప్పుడు ఎదురొచ్చినా మేమే ఆగాలి."

ఇన్నాళ్లూ తను చెవిన పెట్టని మాట ఇదా!

కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక, తానులోంచి బారెడు గుడ్డ చించి పొదకు కట్టబోయి ఆగారు. "పాత పేలికలు కత్తిరించిందెవరు? అంచులు మడిచి కుట్టకపోతే నాలుగు వానలకే పీచులైపోతాయి. ఇవాళ్టికి ఇలా కట్టండి. రేపు నేనే కుట్టి ఇస్తాను."

"అలాగే నాన్నా. ఇంటికి నడిచి వస్తావా, బండెక్కుతావా?"

"ఎక్కుతాలే," అన్నారు దర్జీగారు కళ్లొత్తుకుంటూ. "కాస్త మెల్లగా పోనీ."