నాలుగు చిటికెల సేపు

"ఆపుతవా జర!"

నిర్మల కేకకు భిక్షపతి వేళ్లు హార్మోనియం మెట్ల మీదే ఆగిపోయాయి. నల్లగొండ మిషన్ చర్చిలో కాలితో తొక్కి వాయించే ఆ పెద్ద హార్మోనియం ముందు అతను కూర్చుని మూడేళ్లయింది. ఇంతవరకు అతన్ని ఆపమన్న మనిషి లేదు. ఈమె చూస్తే నర్సు ట్రైనింగుకు వచ్చి, చర్చిలో పాటలు పాడే కోయిర్‌లో చేరి నిండా నెల కాలేదు.

"ఏం తప్పయింది?"

"తప్పేం లేదు, ఎక్కువైంది. నేను పాట ఆపంగనే నువ్వు అందుకుంటున్నవు. ఊపిరి తీసుకోనీకి సందియ్యవా?"

"సందిస్తే పాట పడిపోతది."

"పడది. రా, చూపిస్త."

చూపించింది మిషన్ ఆసుపత్రి నడిపే అమెరికా డాక్టరు దొర బంగళా వరండాలో. దొర ఊళ్లలో క్యాంపులకు పోయినప్పుడే దొరసాని బయటికి తీసే జాజ్ రికార్డు ఒకటి ఉండేది. ఒక ఆడగొంతు, ఒక పియానో, నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు. కూర్పంతా అంతే. మూడో పాటలో ఆమె ఏదో అడిగినట్టు పాడి ఆగిపోతుంది. వాయిద్యాలూ ఆగిపోతాయి. నాలుగు చిటికెల సేపు ఏమీ వినిపించదు. ఆ తర్వాత ఆమే మెల్లగా మళ్లీ ఎత్తుకుంటుంది.

బయట వాన దంచుతోంది. నిర్మల నాలుగు చిటికెలు వేసి ఓరగా చూసింది.

"గా జాగ ఎందుకిడిసిండ్రో తెలుసా? వినేటోడు ఏమన్న చెప్తడేమోనని."

"వినేటోడు ఏం చెప్తడు?"

"గది వినేటోనికే తెల్వాలె, మాస్టరూ!"

భిక్షపతి చెవులు వేడెక్కాయి. చెప్పాల్సింది నాలుక చివరే ఉంది. "పియానో మంచిగున్నది" అన్నాడు. ఆమె పకపకా నవ్వింది.

1957లో ఆ వానాకాలమంతా శనివారం మధ్యాహ్నాలు అదే రికార్డు. ఆ నాలుగు చిటికెల దగ్గర ఆమె ప్రతిసారీ అతని వైపు చూసేది. అతను ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాడు. సూది మార్చాలనో, వాన తగ్గిందనో. పిరికివాడికి అక్కర్లేని మాటలు భలే దొరుకుతాయి.

డిసెంబరులో నిర్మల తండ్రి జానయ్య సంబంధం ఖాయం చేశాడు. పిల్లవాడు కల్వకుర్తిలో బడి సారు. ఆనవాయితీ ప్రకారం పాస్టరు మూడు ఆదివారాలు చర్చిలో పెండ్లి ప్రకటన చదవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండని అడగాలి. మొదటి వారం భిక్షపతి తల దించుకున్నాడు. రెండోవారం గొంతు సవరించుకున్నాడు, అంతవరకే. ఏమని లేవాలి? నోరు తెరిచి ఆమెను అడిగింది లేదు. పైగా ఆమె ముఖాన నవ్వు కనిపిస్తోంది.

మూడో ఆదివారం పాస్టరు అడిగి, కళ్లద్దాలు తీసి అందరి వైపూ చూశాడు. చర్చిలో చప్పుడు లేదు. కోయిర్ వరుసలోంచి నిర్మల తల తిప్పి సూటిగా అతన్నే చూసింది. ఆ చూపునూ ఆ నిశ్శబ్దాన్నీ భరించలేక అతని కాలు తొక్కేసింది, చేతులు మెట్ల మీద పడ్డాయి. కీర్తన మొదలైపోయింది. జనం లేచి నిలబడి పాడారు.

తొమ్మిదేళ్ల తర్వాత, ఒక ముసురు రోజున, అతని రేడియో రిపేరు దుకాణం ముందు గొడుగు ఆగింది.

"బాగున్నరా, మాస్టరూ? గిది జర పెట్టి వినిపియ్యుండ్రి. దొరసాని అమెరికా నుంచి పంపింది. మా ఇంట్ల మిషన్ లేదు."

అట్ట మీద అదే గాయని. పాత రికార్డునే కంపెనీ మళ్లీ వేసిందట. భిక్షపతి సూది పెట్టాడు. మూడో పాట వచ్చింది. గాయని అడిగింది, ఆగింది.

బిలబిలమంటూ వయొలిన్లు వచ్చి పడ్డాయి.

నిర్మల ముఖం వాడిపోయింది. "గా జాగ నింపిండ్రు!"

"ఖాళీగుంటే భయమైందేమో."

"నీకయిందా, గా ఆదివారం?" మర్యాద జారిపోయి పాత పిలుపు వచ్చేసింది.

"అయింది. నువ్వు నవ్వుతున్నవు గద, ఇష్టమే అనుకున్న."

"కోయిర్ల నిలబడి ఏడుస్తరా? బాపు మాటిచ్చిండు. నా అంతట నేను కాదంటే ఆయన తలెత్తుకోలేడు. నువ్వు లేస్తే, నీ పక్కన వచ్చి నిలబడుదామనుకున్న. మూడు వారాలు చూసిన."

"నువ్వంటే నాకు పాణం, నిర్మలా."

ఆమె వాన వైపు తిరిగింది. చూరు నీళ్లు పడుతున్నాయి. జీవితంలో మొదటిసారి భిక్షపతి ఆ సందులో ఏమీ అనలేదు.

"మా సారు మంచోడు," అంది చివరికి, కళ్లు తుడుచుకుని. "బస్టాండుల పిల్లలతోటి నిలబడ్డడు. పోత." గొడుగు అందుకుంది. "గిది నువ్వే ఉంచుకో. పాతది దొరసాని పోయేటప్పుడు నాకిచ్చింది. అది మాత్రం ఎవ్వరికియ్య."

"మిషన్ లేదంటివి గద. ఎట్ల వింటవు?"

గడపలో ఆగి నాలుగు చిటికెలు వేసింది.

"గా జాగ వినెతందుకు మిషనెందుకు, మాస్టరూ?"

గొడుగు విప్పుకుని వానలోకి దిగింది. వెనక వయొలిన్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. భిక్షపతి వెళ్లి సూది ఎత్తేశాడు.