రెండు గంటల టార్చిలైటు

కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే మూతబడిన రొయ్యపిల్లల హేచరీ ఒకటి ఉండాది. చీకటి పడినాక ఆ పక్కకి ఎవరూ పోరు. అక్కడ పనిచేసిన గంగాధరం తొట్టి పక్కనే గుండె ఆగి పోయినాడు. రోజూ రాత్రి రెండింటికి టార్చి వేసి రొయ్యపిల్లల్ని చూసుకునే మనిషి. పిల్ల బతికుంటే వెలుగు దగ్గరికి ఉరికొస్తాది... అదీ ఆయన పరీక్ష. పోయినా ఆ పని మానలేదని జనం మాట.

నాకు ఇట్టాంటి కబుర్లంటే ఒళ్లు మంట. కానీ ఇది జయశీల చెప్పింది. మందుల ల్యాబులో ఇంజనీరు, అబద్ధమాడే మనిషి కాదు.

ఆ హేచరీ షెడ్డులోనే ల్యాబువాళ్లు రొయ్యల జబ్బుకి మందులు పరీక్షించే మిషను తయారుచేసినారు. పలకలో వందల గుంటలు, గుంటకి నాలుగు జబ్బు రొయ్యపిల్లలు. మిషను చెయ్యి ఒక్కో గుంటలో ఒక్కో మందు చుక్క వేస్తాది. వెలుతురు తగిలితే మందులు చెడతాయని గదంతా చీకటి. చీకట్లో చూసే కెమెరా కదిలే పిల్లల్ని లెక్కపెడతాది.

ఒక్క మందూ పనిచేసినట్టు తేలలేదు. పైగా రోజూ రెండింటికి మిషను ఆగిపోయేది. ‘వెలుతురు ఎక్కువ’ అని స్క్రీన్ మీద పడేది. మూసిన గదిలో వెలుతురేంది?

ఈ రాత్రి కూడా ఆగితే మిషను విప్పేస్తామని ల్యాబు పెద్దసారు చెప్పేసినాడు. మూడేళ్ల కష్టం. జయశీల ఏడ్చింది. తర్వాత మొండికేసి, లోపల గడి పెట్టుకుని తానే కాపలా కూర్చుంది.

ఒంటిగంటన్నర... మిషను చెయ్యి టిక్కుటిక్కుమంటా తిరగతాంది.

రెండు.

వెనకనించి టార్చి వెలుగు మెల్లగా జరిగి పలక మీద పడింది. మిషను ఆగింది.

గడి పెట్టుకున్న సంగతే మరిచి, వాచ్‌మన్ లాజరస్ అనుకుని తిట్టబోయింది. అంతలో మూల గుంటలో అడుగున పడున్న పిల్లలు నాలుగూ వెలుగు వైపు ఉరికినాయి. పనిచెయ్యలేదని కెమెరా కొట్టేసిన మందు అది. చీకట్లో కదలకుండా ఉన్న పిల్లల్ని ఇన్నాళ్లూ చచ్చినవాటి కింద లెక్కేసినాం అని అప్పుడు తెలిసింది.

"లాజరస్ అన్నా..." తల తిప్పకుండానే గుసగుసగా అనింది, "టార్చి తియ్యబాక. అట్టనే పట్టుకో."

వెలుగు కదల్లేదు. గబగబా గుంట నంబరు రాసుకుంది.

అప్పుడు... బయటినించి తలుపు కొట్టిన చప్పుడు.

"అమ్మా జయశీలా, నేను లాజరస్‌ని. గడి తియ్యి తల్లీ. నా టార్చిలో బ్యాటరీలు అయిపోయినాయి, రెండుంటే ఇయ్యి."

పలక మీద వెలుగు... ఇంకా అట్టనే ఉంది.