ఇంటికి ఏడు రోజులు

మా ఆల్డర్‌ఫోర్డ్ హైస్కూల్లో రెండో అంతస్తు చివరి గది లిడ్‌స్టన్ మేడమ్‌ది. కిటికీ కింద ఆవిరి గొట్టాలు రోజంతా టకటక కొట్టుకుంటూ ఉంటాయి. వాటి పక్కన కూర్చున్నవాళ్ళకి చెమట, దూరంగా కూర్చున్నవాళ్ళకి వణుకు. ఆ గదిలోనే మేం పదకొండుమందిమి అమెరికా తొలినాళ్ళ చరిత్ర చదివేవాళ్ళం. మామూలు చరిత్ర క్లాసు కాదు, అడ్వాన్స్‌డ్ కోర్సు. మే నెలలో దేశమంతటికీ ఒకే పరీక్ష. అందులో ఐదుకి ఐదు వస్తే కాలేజీలో మళ్ళీ ఆ సబ్జెక్టు చదవక్కర్లేదు.

మేడమ్ పెట్టుకున్న నియమం ఒక్కటే. "ఆ కాలం మనిషిలా ఆలోచించండి. ఇవాల్టి జాలి తెచ్చి అప్పటి కాగితం మీద ఒలకబోస్తే మార్కులు కోసేస్తాను." కోసేది కూడా. బానిసల గురించి రాస్తూ కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లకి ఆరుకి రెండు వేసింది. ఆవిడ నవ్వగా నేను చూడలేదు.

నా పేరు మారెన్ పెల్టీర్. మేం ఈ ఊరొచ్చి అప్పటికి ఆరేళ్ళు. ఇక్కడ తాతకి తాత సమాధి చూపించలేనివాళ్ళంతా కొత్తవాళ్ళ కిందే లెక్క. ఆ సంగతి రోజూ గుర్తు చేయడానికి ప్రెస్కాట్ థేయర్ ఉండేవాడు. రోడ్డు పేరు థేయర్, చెరువు పేరు థేయర్, లైబ్రరీ పేరు థేయర్. తన తుమ్ముకి కూడా చరిత్ర ఉందన్నట్టు తుమ్ముతాడు. వాణ్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడం దేనికి, ఇప్పటికీ మండుతుంది.

ఏటా జనవరిలో మేడమ్ తన క్లాసు చేత ఊరి సభ ఆడించేది. మూడు వందల ఏళ్ళ కిందట ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక అలవాటుండేది. పొరుగూరి నుంచి దిక్కులేనివాళ్ళెవరైనా వస్తే, వాళ్ళ తిండీ తిప్పలూ ఊరి మెడకి చుట్టుకోకముందే పెద్దలు సభ చేసి, వెళ్ళిపొమ్మని హెచ్చరిక రాసేవారు. దాన్ని ఎవరో ఒకరు వెళ్ళి వాళ్ళ మొహం మీదే చదవాలి. చదవకపోతే వాళ్ళు ఊరివాళ్ళైపోతారు. మేడమ్ మా ఊరి రికార్డుల్లోంచి ఒక కాగితం తెచ్చింది. మెహిటబెల్ క్రౌచ్ అనే ఆవిడ, చంకలో చంటిబిడ్డ. నడి శీతాకాలంలో వచ్చింది. ఉంచుకోవాలా, వెళ్ళగొట్టాలా? మేమే ఊరి పెద్దలం.

"పందొమ్మిదేళ్ళుగా ఈ సభ పెడుతున్నాను. ప్రతి క్లాసూ ఆమెను వెళ్ళగొట్టింది" అంది మేడమ్. "కారణాలు చెప్పండి చాలు."

ప్రెస్కాట్ లేచాడు. "ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి పడి తినడానికి మన ఊరేమన్నా సత్రమా?" అన్నాడు. ఆ కాలం మనిషిలాగే అన్నాడు. కానీ చూసింది నా వైపు.

లేచి ఏం మాట్లాడానో ఇప్పుడు సగం గుర్తులేదు. మంచులో చంటిపిల్లతో నిలబడ్డ ఆడదాన్ని తరిమేవాళ్ళు మనుషులా అన్నాను. ఊళ్ళో కట్టెలకి కరువా, రొట్టెకి కరువా అన్నాను. చేతులెత్తమన్నాను. ఉంచుకుందామని ఆరు, వద్దని ఐదు. గెలిచాను! గొట్టాల చప్పుడు అప్పుడే ఆగిందని తరవాతెవరో అన్నారు. నేనైతే వినలేదు.

మేడమ్ మొహంలో నెత్తురు లేదు. కాసేపు బల్ల పట్టుకుని నిలబడింది. తరవాత మెల్లిగా, "సరే. ఉంచుకుంటే వంతులు రాయాలి. అదీ రివాజే. ఇంటికి ఏడు రోజులు. తిండి, నిప్పు, పడక. ప్రతిపాదించినదానివి నువ్వే కనుక నువ్వే రాయి" అంది.

ఆనందంగా రాశాను. మొదటి ఇల్లు ప్రెస్కాట్ థేయర్‌ది. తరవాత మిగతావాళ్ళవి. మా ఇల్లు రాయలేదు.

"అత్తసొమ్ము అల్లుడు దానం అంటే ఇదే" అన్నాడు ప్రెస్కాట్ కాగితం లాక్కుని. "నీ ఇల్లేదే?"

"మాది చిన్న ఇల్లు. ఎనిమిది నెలల తమ్ముడున్నాడు."

"అబ్బో! జాలి మాత్రం పెద్దదా?" అంటూ తన పేరు కింద మా ఇంటి నంబరు పెద్ద అక్షరాలతో ఇరికించాడు. క్లాసంతా నవ్వింది. నవ్వుతూనే పదకొండుమందిమీ సంతకాలు చేశాం. అది గురువారం.

సోమవారానికి ప్రెస్కాట్ మారిపోయాడు. క్లాసులో కోటు విప్పలేదు. వాడి దగ్గర కట్టెపొగ, తడిసిన ఉన్ని కలిసిన వాసన. ఆవిరి గొట్టం పక్కనే కూర్చుని కూడా పళ్ళు కొట్టుకుంటున్నాడు. రెండు మాటలు అంటించాను. కోటు కాలరు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. నాకు సంతోషమే అనిపించింది.

మళ్ళీ గురువారం పొద్దున్న నా లాకరు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్ళు లోపలికి పోయాయి.

"మా వంటింట్లో కూర్చుంటుంది" అన్నాడు గుసగుసగా. "ఇంట్లో ఇంకెవరికీ కనపడదు. కానీ ఆమె కూర్చునే కుర్చీలో ఎవరూ కూర్చోరు. ఎందుకని అడిగితే చెప్పలేరు."

"పోరా! నన్ను భయపెడదామని..."

"మొదటి రోజు తిండి పెట్టలేదు. నమ్మలేదు కదా. తెల్లారేసరికి మా కుక్క చచ్చిపోయింది. హీటరు పక్కన పడుకున్నది పడుకున్నట్టే గడ్డకట్టింది మారెన్! చెవి పట్టుకుంటే విరిగింది."

"దాని చేతిలో మూట ఉంటుంది. బిడ్డ మూట. లోపల ఏమీ లేదు. ఖాళీ. అయినా ఊపుతూనే ఉంటుంది." వాడు అటూ ఇటూ చూశాడు. "నిన్న రాత్రి మొదటిసారి మాట్లాడింది. తరవాతి ఇంట్లో పసివాడున్నాడా అని అడిగింది."

"నువ్వేం చెప్పావ్?"

వాడు నేల చూశాడు.

"ఏం చెప్పావురా?"

"ఉన్నాడన్నాను. నా వారం అయిపోతే చాలనుకున్నాను. ఇవాళ సాయంత్రం మీ ఇంటికొస్తుంది."

వాణ్ని కొట్టాను. ఉంగరం తగిలి పెదవి చిట్లింది. అదే ఊపులో మేడమ్ గదికి పరిగెత్తాను. ఆవిడ నన్ను చూడగానే ఏమిటని అడగలేదు. తలుపు మూసింది.

"ఆ కాలం మనిషిలా ఆలోచించండని ఇన్నేళ్ళు గొంతు చించుకుని ఎందుకు చెప్పాననుకున్నావు?" అంది.

"ముందే చెప్పాలిగా! అసలు ఆ కాగితం ఎందుకు తెస్తారు క్లాసుకి?"

"ఏటా ఎవరో ఒకరు ఆమెను కాదనాలి. నాకు పాఠం అప్పగించి వెళ్ళినాయన అంతే చెప్పాడు. ఇంతకంటే నాకూ తెలీదు."

మధ్యాహ్నం భోజనం గంటలో మళ్ళీ సభ పెట్టింది. వెళ్ళగొట్టాలన్నవాళ్ళు చేతులెత్తండి అంది. పదకొండు చేతులూ ఒక్కసారే లేచాయి, నాదే అందరికంటే ముందు. ఒక్కరూ నా మొహం చూడలేదు. మేడమ్ హెచ్చరిక నకలు మడిచి నా చేతిలో పెట్టింది. "ఆమె మీ ఇంట్లో అడుగుపెట్టాక, ఎదురుగా నిలబడి, చివరి అక్షరం దాకా చదువు. మధ్యలో ఆపకు."

ఒంటిగంటకే మంచు మొదలైంది. స్కూలు వదిలేశారు. నాన్న మంచు తోసే బండి మీద ఉన్నాడు, పొద్దున్నదాకా రాడు. అమ్మ ఆసుపత్రి డ్యూటీలో ఇరుక్కుపోయింది. తమ్ముడు రూఫస్‌ని చూసుకునే ఆవిడ వాణ్ని నా చేతుల్లో పెట్టి, రోడ్డు మూసుకుపోయేలోపు పోవాలని కారు తీసింది. నాలుగున్నరకి చీకటి పడింది. ఐదింటికి కరెంటు పోయింది.

పొయ్యిలో కట్టెలు పేర్చాను. గిన్నెలో వేడి చిక్కుళ్ళ సూపు పోసి, రొట్టె పక్కన పెట్టాను. రూఫస్‌ని దుప్పటితో ఛాతీకి కట్టుకున్నాను. వాడికి ఇదంతా ఆటలా ఉంది. నా గడ్డం పట్టుకుని లాగుతున్నాడు. వెచ్చగా, బరువుగా, పాలవాసనతో ఉన్నాడు.

బయట మంచు పడే చప్పుడు కూడా లేదు. ఎంతసేపు గడిచిందో తెలీదు. ముందు వాసన వచ్చింది. తడిసిన ఉన్ని... పొగ... దాని అడుగున ఇంకేదో. చాలాకాలం మూసి ఉంచిన నేలమాళిగ తెరిచినట్టు. తలుపు తీయలేదు. గడియ కదల్లేదు. రూఫస్ ఆడటం ఆపేశాడు. నా భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు.

తిరిగాను.

కుర్చీలో ఉంది. తలకి ముసుగు. ఒళ్ళో మూట. ఊపుతోంది. సూపు మీద ఆవిరి ఆగిపోయింది. గిన్నె అంచున మంచు పట్టింది. మొహం కనపడలేదు... కనపడకపోవడమే మేలనిపించింది.

"చూపించు" అంది. గొంతు పెద్దది కాదు. జలుబు చేసిన మనిషి గొంతులా ఉంది. "వాణ్ని ఒక్కసారి చూపించు అమ్మాయ్."

కాగితం తీశాను. నోట్లోంచి పొగలా ఊపిరి వస్తోంది.

"మెహిటబెల్ క్రౌచ్ అను స్త్రీకిని, ఆమె బిడ్డకును తెలియజేయునది. నీవు ఈ ఊరి మనిషివి కావు. నిన్ను పోషించుటకు ఈ ఊరు ఒప్పుకొనలేదు..."

ఊపడం ఆగింది. ముసుగు నా వైపు తిరిగింది. వారం కిందట ఈవిడ కోసం నోరు చించుకున్నదాన్ని నేనే. సిగ్గనిపించింది. నిజం, ఆ భయంలో కూడా సిగ్గే వేసింది. అయినా ఆపలేదు. ఛాతీ మీద రూఫస్ గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. వాడొక్కడు బతికితే చాలు. ఎవరు ఏ మంచులో చస్తే నాకేం?

"...కావున ఈ హెచ్చరిక విన్న నాటి నుండి పద్నాలుగు దినముల లోపల నీవు ఊరు విడిచి పోవలెను."

అయిపోయింది. చివరి అక్షరం దాకా.

ఆమె కుర్చీలో ఇంకాస్త వెనక్కి సర్దుకుని కూర్చుంది. చాలాకాలం ఉండడానికి వచ్చిన చుట్టం అలాగే సర్దుకుంటుంది.

"పద్నాలుగు రోజులు" అంది. "అప్పుడు కూడా చదివారు. చదివి, ఆ సాయంత్రమే బయటికి తోసి గడియ పెట్టారు. ఒక్క రోజు కూడా ఇవ్వలేదు." మూట దగ్గరికి లాక్కుంది. "ఈసారి తీసుకుంటాను."

అప్పుడర్థమైంది. నోరు మూసుకుని ఉంటే ఏడు రోజుల్లో పోయేది. మేడమ్ ఆ మాట చూసుకోలేదా? లేక చూసే ఇచ్చిందా? నాకిప్పటికీ తెలీదు. అడిగే ధైర్యం రాలేదు.

ఆ రోజులన్నీ నేను రూఫస్‌ని దించలేదు. జ్వరమని స్కూలు మానేశాను. స్నానానికి వాడితోనే, పడకకి వాడితోనే. అమ్మ మొదట మురిసింది, తరవాత విసుక్కుంది. "కంగారూలా ఏంటే ఇది? వాణ్ని కింద వదులు!" అని అరిచింది. అరుస్తూనే ఆ కుర్చీని చుట్టుతిరిగి పోయేది. పూటపూటకీ తిండి పెట్టాను, నిప్పు ఆరనివ్వలేదు. ఆమె మళ్ళీ ఒక్క మాట మాట్లాడలేదు. మూట ఊపుతూ చూస్తూ ఉండేది. నేను నిలబడి నిద్రపోవడం నేర్చుకున్నాను.

పదమూడో రోజు తెల్లవారుజామున పొయ్యి దగ్గర కూర్చుని కళ్ళు మూశాను. ఒక్క నిమిషం... రెండేమో. ఉలిక్కిపడి లేచాను. రూఫస్ నా ఛాతీ మీదే ఉన్నాడు. కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఊపిరి తీస్తున్నాడు. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

కుర్చీ ఖాళీ. వాసన లేదు. గడువు ఇంకా ఒక రోజు ఉండగానే వెళ్ళిపోయింది.

వాణ్ని వాటేసుకుని బిగ్గరగా ఏడ్చాను. నేను గెలిచాననుకున్నాను. ఇల్లంతా వెచ్చబడింది. తిరిగి స్కూలుకి వెళితే ప్రెస్కాట్ కోటు విప్పేసి, మళ్ళీ మామూలు ప్రెస్కాట్ అయిపోయాడు. "ఏమే, మీ చుట్టం సుఖంగా చేరిందా?" అన్నాడు. మేడమ్ తరవాతి పాఠం మొదలుపెట్టింది. మే నెల పరీక్షలో నాకు ఐదుకి ఐదు వచ్చాయి.

రూఫస్ ఏడవడం మానేశాడు. మంచిపిల్లాడైపోయాడని అందరూ మెచ్చుకుంటారు. నా గడ్డం పట్టుకుని లాగడు. దానికేముంది, పిల్లలు మారతారు.

ఆ పరీక్షకి ముందే, మార్చి నెలాఖరున ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఏటికి ఆఖరి మంచు పడింది. అమ్మ వాణ్ని వాకిట్లోకి ఎత్తుకెళ్ళి, మొహం ఆకాశానికి పెట్టింది. "చూడవే, వీడికి మంచంటే ఎంత ఇష్టమో! రెప్ప కూడా వెయ్యడు" అని నవ్వుతోంది. ఆమె జుట్టులో పడ్డ మంచు కరిగి నుదుటి మీదుగా కారుతోంది.

వాడి చెంప మీద ఒక మంచురేకు పడింది. దాని మీద ఇంకొకటి. ఇంకొకటి. అమ్మ తల తిప్పేలోపు పరిగెత్తుకెళ్ళి, అరచేత్తో గబగబా తుడిచేశాను.

నా చెయ్యి తడవలేదు.