చెక్కలు పెట్టావా?

ఆరంగుళాలు లేపిన బండి చూడ్డానికి ఎంత బాగుంటుందో, దాని కింద దూరి పనిచేసేవాడికి అంత తలనొప్పి. ఈ మాట మెకానిక్ బాబాయి తన షెడ్డుకొచ్చే ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ వీధిలో ముసలీ ముతకా కూడా ఆయన్ని బాబాయనే పిలుస్తారు. వరసకి నిజంగా బాబాయి అయ్యేది మాత్రం ఒక్క అమ్మలుకే. పోయిన అన్నగారి ఏకైక కూతురు.

ఆ అమ్మలు ఒక పాత జీపు కొనుక్కొచ్చింది. కొండదారుల్లో తిరగాలని దాని పిచ్చి. పెద్ద టైర్లు, పొడుగు స్ప్రింగులు వేయించి బండిని ఆరంగుళాలు లేపించింది. లేపిన బండి షెడ్డు షట్టరు కింద పట్టలేదు. చేసేదేముంది, బయట వీధి వాలులోనే నిలబెట్టారు.

"ఇప్పుడు అసలు పని మొదలవుతుంది తల్లీ," అన్నాడు బాబాయి బల్ల మీద కాగితం పరిచి బొమ్మ గీస్తూ. "బండి పైకి లేచింది, వెనక ఇరుసు కిందే ఉండిపోయింది. రెండిటినీ కలిపే షాఫ్టు బాగా వంగి తిరగాలి. చివర ఒక్క జాయింటే ఉన్న పాత షాఫ్టు ఆ వంపుకి వణికి చస్తుంది. పై చివర డబుల్ జాయింటున్నది వేద్దాం."

"వేద్దాం. ట్రాన్స్‌ఫర్ కేసో?"

ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే ఇనుప పెట్టె అది. ఇంత పెద్ద టైర్లని పాతది లాగలేదు.

"కొత్తది చెప్పేశాను. గొలుసుతో నడుస్తుంది, చప్పుడుండదు. పెట్టె వెనక తోక పొట్టి కాబట్టి షాఫ్టుకి చోటు పెరుగుతుంది, వంపు తగ్గుతుంది. ఇంకేం ఆలోచించకు."

అమ్మలు వినట్లేదు. దాని చూపు గోడమీద అలమరలో, అడుగు అరలో ఉంది. అక్కడ గోనెసంచి కప్పుకుని ఎనిమిదేళ్లుగా ఒక ఇనుప పెట్టె పడుంది.

"అది నాన్న బండిదే కదా? లోపలంతా గేర్లే అని చెప్పేవాడు. కొండెక్కేటప్పుడు దాన్ని మించింది లేదనేవాడు."

"దాని హ్యాండ్‌బ్రేకు చక్రాలకి ఉండదమ్మా. పెట్టె వెనకాల డ్రమ్ముకి ఉంటుంది. అది షాఫ్టుని పట్టుకుంటుంది, షాఫ్టు చక్రాల్ని పట్టుకుంటుంది. షాఫ్టు విప్పామా, ఆ బ్రేకు గాలిని పట్టుకున్నట్టే!"

"తెలుసు బాబాయ్." అమ్మలు గొంతు తగ్గింది. "నాన్న అలాగే కదా పోయాడు. షాఫ్టు విప్పుతూ చక్రాల కింద చెక్కలు పెట్టడం మర్చిపోయి. నేను మర్చిపోన్లే. నాన్న చెయ్యి పడ్డ పెట్టె నా బండిలో ఉంటే నాకు ధైర్యం. కాదనకు."

బాబాయి బల్ల మీది కాగితం మడిచేశాడు. ఏమని కాదంటాడు? కాదంటే కారణం చెప్పాలి. ఆ కారణం ఆయన ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు కూడా ఇదే వాలు, ఇలాంటి ముసురే. అన్న కింద పడుకుని షాఫ్టు విప్పుతున్నాడు. బండి లేపాక పొట్టివైపోయిన బ్రేకు గొట్టాలు అప్పటికే ఊడదీసి పక్కన పెట్టారు. తమ్ముడు సీట్లో కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరికీ ఒక పద్ధతుంది. కిందివాడు పానాతో బండి అడుగున ఒక్క దెబ్బ కొడితే గేర్లో పెట్టాలి. రెండు కొడితే తియ్యాలి. మూడు కొడితే పనైపోయింది, దిగొచ్చెయ్ అని.

"చెక్కలు పెట్టావా చిన్నోడా?" అని కింద నుంచి అడిగాడు అన్న.

వానలో దిగడానికి బద్ధకం. హ్యాండ్‌బ్రేకు లాగి ఉందిగా, చాల్లే అనుకున్నాడు.

"పెట్టానన్నా!"

ఆఖరి బోల్టు ఊడింది. బండి కదిలింది. కింద నుంచి ఒక్కొక్క దెబ్బే... ఠంగ్... ఠంగ్... ఠంగ్... గేర్లో పెట్టు, గేర్లో పెట్టు అని. పెట్టాడు. రెండు చేతులా బ్రేకు లాగాడు. ఏదీ దేన్నీ పట్టుకోలేదు. పెద్ద టైరు నింపాదిగా, ఏమీ తొందర లేకుండా, అన్న మీదికెక్కింది.

అందరూ వచ్చేలోగా నాలుగు చెక్కలూ తెచ్చి షెడ్డు గుమ్మంలో పడేశాడు. అన్నే వాటిని తీసి కూడా పెట్టడం మర్చిపోయాడని చెప్పాడు. వదిన నమ్మింది. పన్నెండేళ్ల పిల్ల అమ్మలూ నమ్మింది.

ఇప్పుడు ఆ పెట్టెని అలమరలోంచి తానే దించాడు. గోనెసంచి పొడిగా, దుమ్ముగొట్టుకుని ఉంది. కింద పెట్టె మాత్రం తడిసి ఉంది. డ్రమ్ము అంచున ఎర్రమట్టి... తాజాగా. కప్పు కారుతోందేమోనని పైకి చూశాడు. చుక్క లేదు. గుడ్డతో తుడిచేసి, అమ్మలుకి ఏమీ చెప్పకుండా పనిలో పడ్డాడు.

నాలుగు రోజులకి పెట్టె ఎక్కింది, కొత్త షాఫ్టు ఎక్కింది. పొడుగు బ్రేకు గొట్టాలు కూడా వేశాడు. పెడలు తొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంది. వీధి చివరిదాకా నడిపి తెచ్చింది అమ్మలు. ఒక వేగం దాటితే సీటు కింద సన్నటి వణుకు.

"ఇరుసు వంపు ఇంకా కుదర్లేదు. షాఫ్టు వెనక బోల్టులు విప్పి పల్చటి రేకులు సర్దాలి," అన్నాడు బాబాయి. "రేపు చూద్దాంలే. ముసురు పట్టింది."

"పావుగంట పని! నీ నడుముతో నువ్వెలాగూ దూరలేవు. నేను దూరతా, నువ్వు సీట్లో కూర్చో. పానా దెబ్బల లెక్క నాన్న నాకూ నేర్పాడుగా."

నడుం ఒక వంక. ఆ రోజు తర్వాత ఆయన వాలులో ఏ బండి కిందికీ దూరలేదు.

నాలుగు చెక్కలూ తన చేత్తోనే పెట్టాడు. చక్రానికొకటి. సుత్తితో కొట్టి బిగించాడు. తిరిగొచ్చి మళ్లీ ఒక్కొక్కటీ కాలితో తన్ని చూశాడు. బ్యాటరీ తీగ ఊడదీశాడు. సీట్లో కూర్చుని, హ్యాండ్‌బ్రేకు లాగి, అది చాలదన్నట్టు కాలి బ్రేకు కూడా అదిమి పట్టాడు.

సాయంత్రం నాలుగే. అయినా మబ్బుకి వీధంతా మసకబారింది. ఎదురుగా దుకాణాల తలుపులు మూసి ఉన్నాయి. రేకు మీద వాన చప్పుడు. తడి ఇనుము వాసన, పాత గేరాయిల్ వాసన...

ఠంగ్. గేర్లో పెట్టాడు.

ఠంగ్ ఠంగ్. తీశాడు.

"ఊడొచ్చాయ్ బాబాయ్! నాలుగు బోల్టులూ విప్పేశా!" అంది అమ్మలు కింద నుంచి. బండి కదల్లేదు. బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. ఎనిమిదేళ్లుగా పీల్చని ఊపిరి.

అప్పుడు వినబడింది. సన్నగా, నేలకి ఆనుకుని మాట్లాడినట్టు.

"చెక్కలు పెట్టావా?"

"పెట్టానమ్మా. నువ్వు చూశావుగా."

వాన. రేకు మీద జోరు పెరిగింది.

"చెక్కలు... పెట్టావా?"

ఈసారి గొంతు బరువుగా ఉంది. చివర 'బాబాయ్' లేదు.

"అమ్మలూ, ఆటలొద్దు. రేకులు పెట్టి బయటికొచ్చెయ్."

"చెక్కలు పెట్టావా చిన్నోడా?"

ఆయన్ని ఆ పేరుతో పిలిచేవాడు ఒక్కడే. పిలిచి ఎనిమిదేళ్లయింది.

బాబాయి సీట్లోంచి సగం లేచాడు. కాలు మాత్రం పెడలు మీంచి తియ్యలేదు. అబద్ధం చెప్పే ఓపిక ఇక లేదు. ఏడుపొచ్చేసింది.

"పెట్టలేదన్నా... ఆ రోజు పెట్టలేదు. వానకి దిగబుద్ధి కాలేదు. పెట్టానని అబద్ధం చెప్పా. నిన్ను నేనే చంపుకున్నా. నీ మీదే నింద వేశా. దాన్నేం చెయ్యకన్నా, నీ కూతురు..."

కింద నుంచి అమ్మలు గొంతు వినబడింది. అది అమ్మలు గొంతే.

"అంటే... మర్చిపోయింది నాన్న కాదా?"

కింద నుంచి దెబ్బ పడింది. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఒక్కొక్కటే, ఆగి ఆగి. ఆ రోజులాగే.

"కొట్టకమ్మా... నీకు దణ్ణం పెడతా. తర్వాత ఎన్ని తిట్లు తిడతావో తిట్టు, ముందు బయటికి రా."

"నేను కొట్టట్లేదు బాబాయ్." మాట వణుకుతోంది. "పానా నా దగ్గర లేదు. ఇందాకే అడిగి తీసుకున్నాడు."

"ఎవరు?... అమ్మలూ, ఎవరు?"

"నువ్వనుకున్నా. నువ్వే వచ్చి పక్కన పడుకున్నావనుకున్నా..."

"బయటికి రా! పాకుతూ వచ్చెయ్!"

"రాలేను. చెయ్యి పట్టుకున్నాడు. నన్ను బడికి తీసుకెళ్లేటప్పుడు పట్టుకున్నట్టే... వదలట్లేదు."

హారన్ నొక్కాడు. మోగలేదు. బ్యాటరీ తీగ ఊడదీసింది తనే కదా. ఫోను షెడ్డులో బల్ల మీద ఉంది. గొంతు చించుకుని అరిచాడు. ఆ వానలో తన అరుపు తనకే సరిగ్గా వినబడలేదు.

"బాబాయ్..." అమ్మలు గుసగుసగా అంది. "అడుగుతున్నాడు. ఈసారైనా నిజంగా పెట్టావా అని."

"పెట్టానమ్మా! ఒట్టు! నాలుగూ పెట్టా, నా చేత్తో..."

మాట్లాడుతూనే పక్క సీటు వైపు తల తిప్పాడు.

నాలుగు చెక్కలూ అక్కడున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, వరసగా పేర్చి. తడిసి, ఎర్రమట్టి అంటుకుని ఉన్నాయి. నీళ్లు సీటు మీంచి చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి.

ఇప్పుడు బండిని పట్టుకున్నది ఆయన కాలొక్కటే.

కింద నుంచి పానా చప్పుడు. ఠంగ్. ఠంగ్. ఠంగ్. ఈసారి ఆగలేదు, మూడూ వెంటవెంటనే. పనైపోయింది, దిగొచ్చెయ్.

బాబాయి దిగలేదు. రెండు చేతులా మోకాలిని అదిమిపెట్టి, ఉన్న బలమంతా పెడలు మీద వేశాడు. ఇందాక రాయిలా గట్టిగా ఉన్న పెడలు... ఆయన కాలి కింద, నింపాదిగా, ఏమీ తొందర లేకుండా, లోపలికి దిగడం మొదలుపెట్టింది.