నలభై ఒకటో వరుసలో పులుపు

నిమిషదర్శిని ఏడోసారి తగిలించినా పిండి క్రమం నలభై ఒకటో వరుస దగ్గరే ఆగింది. 'పులుపు' అనే చరరాశి కనబడలేదని తెర చెప్పింది. ఉదయిని దర్శిని తీసేసి మళ్ళీ నడిపింది. ఈసారి క్రమం హాయిగా చివరి వరుస దాకా వెళ్ళి, ఎంత ఉప్పు వేయాలో, ఎంత చల్లబరచాలో, పదకొండు వేల ఇళ్ళకు ఏ డబ్బాలు ముందు వెళ్ళాలో లెక్క చెప్పింది.

ఎవరూ చూడకపోతే నడుస్తుంది, చూస్తే ఆగిపోతుంది. కొత్త చోట వంటకు దిగినవాళ్ళకు పక్కన ఎవరైనా నిలబడితే చెయ్యి ఆడదే, అలా ఉంది దీని సంగతి.

ఊళ్ళో నీళ్ళూ లిఫ్టులూ వంటశాలలూ అన్నిటినీ నడిపే మహాయంత్రాన్ని అందరూ బండ అంటారు. అది వరుసగా పాటించే ఆదేశాల జాబితాలే క్రమాలు. వాటిలో ఏ వరుసకు ఎంత సేపు పడుతోందో నిమిషదర్శితో కొలవడం ఉదయిని ఉద్యోగం. కొలత లేని క్రమాన్ని ఇక మీదట బండ ఉంచుకోదు. అలా కొలతకు లొంగనివి ఇంకా మూడు వందల చిల్లర ఉన్నాయి. వాటిలో మొదటి గడువు పిండి క్రమానిదే, ఈ రోజు నాలుగు గంటలకు. అప్పటికి కొలత అందకపోతే దాని స్థానంలో, తొట్ల మూత తీయకుండా ఒకే లెక్కతో నడిచే మూత క్రమం వస్తుంది. మూత క్రమానికి మనిషి అక్కర్లేదు. పిండిశాలలో ఉన్నది మీటల పలక బిగించిన ఒకే కుర్చీ, అది అక్కడ పనిచేసే పైడితల్లిది.

ఉదయిని తొందరపడే మనిషి కాదు. పేరులో అక్షరం తప్పిందేమో చూసింది, తప్పలేదు. అనుమతులు చూసింది, ఉన్నాయి. ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుని కొట్టేస్తూ వచ్చింది. చివరికి ఆ చరరాశి అసలు ఎక్కడ పుడుతోందో వెతికింది. నాలుగు వందల వరుసల్లో ఎక్కడా లేదు. వాడుకోవడమే గాని పుట్టించడం లేదు. ఇంట్లో రోజూ పాలు ఉంటున్నాయి గాని తెచ్చేదెవరో ఎవరూ అడగలేదన్నమాట.

పిండిశాలకు పిలుపు కలిపింది. తలకు గుడ్డ చుట్టుకుని, మోచేతుల దాకా తడితో పైడితల్లి తెర మీదికి వచ్చింది.

"ఏటి తల్లీ, పొద్దున్నుంచి నా పిండి మీద పడిపోనావు?"

"పులుపు అంకె ఎక్కణ్ణుంచి వస్తోంది పిన్నీ?"

"ఎక్కణ్ణుంచేటి? నాను కొడితే వస్తాది. ఆరింటికి ఇరవై తొట్లూ తిరుగుతాను. ఏలెట్టి సూస్తాను, వోసన సూస్తాను. నిన్న ఏడు కొట్టినాను. ఇయ్యాల మబ్బు గదా, అయిదు."

"ఎక్కడ కొడతావు?"

"నా కుర్సీలోనే. నాకు ముందున్న సన్నాసమ్మ అలాగే నేర్పింది. కొత్తగా నీ యంత్రానికి ముక్కెట్టినారేటి, నన్నడుగుతున్నావు?"

ఉదయిని నవ్వింది. విషయం తెలిసిపోయింది. కుర్చీలో కొట్టిన అంకె కుర్చీ జ్ఞాపకంలోనే ఉంటుంది. మామూలుగా క్రమం అక్కడికి వెళ్ళి తెచ్చుకుంటోంది. దర్శిని తగిలిస్తే మాత్రం బండ ఆ క్రమాన్ని విడిగా ఒక గదిలో పెట్టి నడుపుతుంది. ఆ గదిలోంచి ఏ కుర్చీ జ్ఞాపకమూ అందదు.

కొలత గదులకు కుర్చీల జ్ఞాపకం అందేలా ఒక వరుస రాసింది. ఎనిమిదోసారి క్రమం చివరి దాకా నడిచింది. కుర్చీ జ్ఞాపకంలోంచి ఈ ఉదయపు నడక సమయమూ తెర మీదికి వచ్చింది: మొత్తం నలభై ఒక్క నిమిషాలు. అందులో ముప్పై ఎనిమిది ఆ ఒక్క వరుస దగ్గరే, అంకె కోసం ఎదురుచూస్తూ. ఎదురుగా బండ తానే నింపిన మాట: 'ఖాళీ'. పది నిమిషాలు దాటిన ఖాళీని కోసేయాలని నియమం.

పై గదిలోంచి పర్యవేక్షకుడు కృపాదానం గొంతు వినిపించింది. "కుర్చీ గొడవ ఎందుకమ్మా? పులుపు ఆరు అని స్థిరంగా పెట్టెయ్. సరాసరి అదేగా. తినేవాళ్ళకు తేడా ఏం తెలుస్తుంది?"

"మా ఇంట్లో తెలుస్తుందండీ."

"మా ఇంట్లోనూ తెలుస్తుందనుకో. కానీ గడువుకి ఇంకా పావుగంటే ఉంది."

ఉదయిని మళ్ళీ పైడితల్లి వైపు తిరిగింది. "ఆ ముప్పై ఎనిమిది నిమిషాలూ ఏం చేస్తావు పిన్నీ?"

"ఇరవై తొట్లమ్మా. ఒక్కో తొట్టికి ఇంచుమించు రెండు నిమిషాలు పట్టదా? ఊరికే కూకున్నాననుకున్నావేటి?" పైడితల్లి మొహంలో నవ్వు పోయింది. "నా కుర్సీ తీసేస్తారా తల్లీ?"

ఉదయిని ఆ వరుసను మళ్ళీ తెరిచింది. 'ఖాళీ' అన్న మాటను కొలిచేవాళ్ళు మార్చవచ్చు. ఇన్నేళ్ళలో ఎవరూ మార్చలేదు. ఆమె దాన్ని చెరిపేసి 'పని' అని రాసింది.

బండ వెంటనే 'చేసేవారు?' అని అడిగింది.

'పైడితల్లి' అని రాసింది ఉదయిని. మూడూ యాభై రెండుకి కొలత ఆమోదమైంది.

"నీ కుర్చీ నీదే పిన్నీ."

"మరి ముందే సెప్పొచ్చు గదా, గుండె జారిపోనాది," అని పైడితల్లి తొట్ల వైపు వెళ్ళిపోయింది.

ఉదయిని కాగితం మడిచేలోగా తెర నిండిపోయింది. కొలత గదుల తలుపు తెరుచుకోవడంతో, కొలతకు లొంగక మిగిలిన క్రమాలన్నీ తమ కుర్చీల్ని వెతుక్కుంటున్నాయి. ఆసుపత్రి కిటికీల క్రమం, పదకొండు నిమిషాలు, చేసేవారు? కాలువ తలుపుల క్రమం, ఇరవై ఆరు నిమిషాలు, చేసేవారు? మూడు వందల నలభై క్రమాలు, జవాబు వచ్చేదాకా కదలబోమని నిలబడ్డాయి.

"ఏం చేశావమ్మా?" కృపాదానం గొంతు పెరిగింది. "ఊరంతా ఆగిపోయి పేర్లు అడుగుతోంది!"

"చేసేవాళ్ళు చెబుతారు కదండీ."

"ఎవరని వెతుకుతాం?"

ఉదయిని పైనున్న ప్రశ్నను చదివింది. "మూడో గట్టు లిఫ్టు. సాయంత్రం తలుపు తెరిచి ఉంచే సమయం, పద్నాలుగు నిమిషాలు. చేసేవారు?"

పై గదిలో కుర్చీ కిర్రుమంది.

"అది... నేనే. మోకాళ్ళ నొప్పుల వాళ్ళు ఆ వేళకే పైకి వస్తారు. ఎంతమంది ఉన్నారో చూసి రోజూ నా కుర్చీలో అంకె కొడుతుంటాను. రాయమ్మా, నా పేరు రాసెయ్."

ఉదయిని రాసింది. కింద ఎక్కడో లిఫ్టు కదిలిన చప్పుడైంది. తెర మీద ఇంకా మూడు వందల ముప్పై తొమ్మిది పేర్లు రావాల్సి ఉంది.